రేకుల లెక్క: పర్లాకిమిడిలో 30×20 ఇల్లు

ప్రశ్న: రెండు వాలుల కలర్ రేకులు వేయాలి. మధ్య ఎత్తు 5 అడుగులు, చూరు చుట్టూ 2 అడుగులు. 600 చదరపు అడుగులు తెస్తే చాలా?

జవాబు: చాలదు బావూ. నేల కాదు, వాలు కొలవాలి. సగం వెడల్పు 10కి 5 లేస్తే వాలు 1.12 రెట్లు, చూరుతో 12 × 1.12, అంటే పదమూడున్నర అడుగుల రేకు. పొడవు 34. రేకు వెడల్పు మూడున్నరే గానీ, అంచు మీద అంచు ఎక్కాక కప్పేది 3.28. మూడున్నరతో భాగిస్తే 10 వస్తుంది, తీరా ఎక్కించాక ఒకటి తగ్గుతుంది. వాలుకి 11, మొత్తం 22. రెండు వాలులు కలిసే నడిమి మీద కప్పే పదడుగుల రిడ్జిలు 4.

మరొకరు: అడ్డ పైపులు వాలుకి 5, స్క్రూలు 500. తిత్లీ తుఫాను లాంటి గాలికి ముందు లేచేది చూరు అంచే, ఆ వరసలో రేకు మీద పైకి లేచిన ప్రతి గట్టుకీ స్క్రూ పడాలి. మరీ బిగించొద్దు, వాషర్ రబ్బరు బయటికి ఉబ్బిందంటే ఎండకి చిట్లి అక్కడే కారుతుంది.

ప్రశ్న అడిగినవారు: స్క్రూ గట్టు మీదా, పల్లంలోనా?

జవాబు: గట్టు మీదే. పల్లంలో నీళ్లు పారతాయి కదా!