'అనాయాసేన మరణం'లో ఆయాసం ఎవరిది?

కలంపోటు: ఇక కోలుకోరని తేలిన రోగులు డాక్టర్ల సాయంతో చనిపోయే హక్కు గురించి వ్యాసం రాస్తున్నాను. తలమీద, ఆయాసం లేని చావు, దైన్యం లేని బతుకు ఇమ్మని దేవుణ్ణి వేడుకునే 'అనాయాసేన మరణం వినా దైన్యేన...' శ్లోకం పెడదామని. రెండో పాదం చివర నా నోటికి 'జీవనం' వస్తోంది, మా అన్నయ్య 'జీవితం' అంటున్నాడు. ఏది సరి? ఆ హక్కుకు ఇది సమర్థనగా పనికొస్తుందా?

యతిమైత్రి: రెండూ విన్నాను. ఛందస్సు తీర్పు చెప్పదు. పాదంలో అయిదో అక్షరం లఘువు (పొట్టిది), ఆరోది గురువు (పొడుగుది), ఏడోది లఘువు: ఏది వేసినా కుదురుతుంది. అర్థం చూస్తే జీవనం అంటే బతికే తీరు. దైన్యం లేకుండా ఉండాల్సింది తీరే కాబట్టి నా ఓటు 'న'కారానికి.

శకటరేఫం: లెక్కలు తీశారు కాబట్టి మొదటి పాదం కూడా చూడండి. 'మరణం'లో మ ఆరో అక్షరం, లఘువు. ఆరోది గురువే కావాలన్న 'శ్లోకే షష్ఠం గురు జ్ఞేయం' ఏమైపోయింది?

యతిమైత్రి: అది న-విపుల మాస్టారూ, అనుష్టుప్ శ్లోకంలో చెల్లే ఒక తేడా. నాలుగోది గురువు, అయిదారేడు కలిసి నగణం, అంటే మూడూ లఘువులే. కాళిదాసు అనుష్టుప్పుల్లోనూ ఉంది. బడిలో చెప్పే లక్షణంతో కొలిస్తే ఆయన్నీ ఫెయిల్ చేయాలి.

నిఘంటువుపురుగు: అసలు చిక్కు ఆయాసంలో ఉంది. 'యసు ప్రయత్నే' ధాతువు. ఆయాసం అంటే ప్రయత్నం, శ్రమ. రొప్పు అన్న అర్థం మన తెలుగు వాడుక. అప్పుడు అనాయాస మరణమంటే ఎవరూ పూనుకోకుండా దానంతటది వచ్చే చావు. కలంపోటు గారూ, ఇది మీ ఎదుటి పక్షం వాళ్ళు పెట్టుకోవాల్సిన శ్లోకం!

డ్యూటీడాక్టర్: మా రోగుల దగ్గర తెలుగు అర్థమే నిలుస్తుంది. ఆఖరి రోజుల్లో చాలామందిని నొప్పితో సమానంగా బాధపెట్టేది ఊపిరి అందకపోవడం. కొద్ది మోతాదు మార్ఫిన్‌తో ఆ బాధ చాలావరకు తగ్గించొచ్చు. చావు కావాలన్న మనిషికి ముందు ఆ వైద్యం అందిందా అని చూడాలి. అందాక కూడా అదే మాట అంటే అప్పుడు చట్టం గురించి మాట్లాడుకుందాం.

నిఘంటువుపురుగు: కేస్ షీట్ నిఘంటువు కాదు డాక్టర్ గారూ.

అరసున్న: ప్రయత్నమే అనుకుందాం. ఎవరి ప్రయత్నం? అమెరికాలో ఓరెగాన్ చట్టం 1997 నుంచి అమల్లో ఉంది. అక్కడ డాక్టర్ మందు రాసిస్తాడంతే, రోగి తానే తీసుకోవాలి. నెదర్లాండ్స్‌లో 2002 చట్టం ప్రకారం డాక్టరే ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. మింగలేని జబ్బు మనిషికి ఓరెగాన్ పద్ధతి ఆయాసమే కదా. ఇంకో సంగతి. ఓరెగాన్ రాష్ట్రం ఏటా ఇచ్చే నివేదికల్లో రోగులు ఎక్కువగా చెప్పే కారణం నొప్పి కాదు. తమ పని తాము చూసుకోలేకపోవడం, ఇష్టమైనవి చేయలేకపోవడం, గౌరవం పోవడం. వాళ్ళు మొరపెట్టుకుంటున్నది రెండో పాదం. మీరంతా మొదటిదాని మీద పడ్డారు.

శకటరేఫం: వికలాంగుల సంఘాలు చాలావరకు ఈ చట్టాలను ఎదిరించేది సరిగ్గా అక్కడే. ఒకరు స్నానం చేయించాల్సి రావడం దైన్యమని ఎవరు తేల్చారు, మేం రోజూ అలాగే బతుకుతున్నాం అంటారు. నాకు ఆ ప్రశ్నకు జవాబు తట్టలేదు.

మందారమకరందం: ఇంతమంది పండితులు, ఒక్కరికీ భీష్ముడు గుర్తు రాలేదు! తండ్రి ఇచ్చిన వరం స్వచ్ఛందమరణం. అంపశయ్య మీద 58 రాత్రులు గడిపాడు. కోరుకున్నప్పుడు పోయే వరాన్ని చావును వాయిదా వేయడానికి వాడుకున్నవాడు! ఇక పోతన గారి భీష్ముడికి ఒళ్ళంతా బాణాలున్నా బాధ మీద ధ్యాసే లేదు. 'కుప్పించి యెగసిన' పద్యం చదవండి. తనను చంపడానికి రథం దిగి ఉరికొచ్చిన కృష్ణుడి కుండలాల మెరుపు, జారిపోతున్న పచ్చటి వస్త్రం, అవే కళ్ళ ముందు. ఆ సీస పద్యం నడక చూశారా, చదివేవాడికి కూడా పరుగే.

అరసున్న: వాయిదా అన్నారు కాబట్టి చెప్తున్నా, ఓరెగాన్‌లో మందు రాయించుకున్నవాళ్ళలో దాదాపు మూడోవంతు మంది దాన్ని వాడరు. చేతిలో ఉందన్న ధైర్యం చాలేమో.

కలంపోటు: మరి దీనికి తెలుగులో ఏ పేరు పెట్టను? పత్రికలు అన్నిటినీ 'కారుణ్య మరణం' అనేస్తున్నాయి. 2018లో మన సుప్రీంకోర్టు ఒప్పుకున్నది ప్రాణాధార చికిత్స ఆపడాన్నీ, అందుకు మనిషి ముందే రాసిపెట్టుకునే పత్రాన్నీ. మందు ఇచ్చి ప్రాణం తీయడాన్ని కాదు. ఒకే మాటలో రెండూ కలిసిపోతే పాఠకుడికి ఏం అర్థమవుతుంది?

మందారమకరందం: స్వచ్ఛందమరణం. వ్యాసుడి మాట ఉండగా వెతుకులాట దేనికి?

నిఘంటువుపురుగు: భాగవతం మూలంలో 'ఛందమృత్యు' కూడా ఉంది. శీర్షికలో పొట్టిగా ఇముడుతుంది.

శకటరేఫం: భీష్ముడికి డాక్టర్ సంతకం అవసరం రాలేదు. ఇక్కడ సాయం చేసేవాడున్నాడు, వాడు లేని పేరు చెల్లదు. 'సహాయక మరణం' అంటారా, సాయం చేసినవాడే పోయినట్టుంది.

డ్యూటీడాక్టర్: ఆ అర్థం వచ్చే పేరైతే మాకొద్దు.

యతిమైత్రి: మూడో పాదంలో 'దేహాంతే తవ' తర్వాత సాన్నిధ్యమా (దేవుడి చెంత ఉండటం) సాయుజ్యమా (ఆయనలో కలిసిపోవడం) అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

శకటరేఫం: రెండూ ఛందస్సుకి సరిపోతాయని మాత్రం అనకండి.

యతిమైత్రి: సరిపోతాయి మరి.