పాములకు ఇరవు సరే, పుట్టమన్ను పరవచ్చా?

"చీమలు పెట్టిన పుట్టలు పాములకిరవైనట్లు" సామెత పోస్టు కింద మన గ్రూపులో నిన్నటి నుంచి నడుస్తున్న వ్యాఖ్యలన్నీ కూర్చుని చదివాను. ముందు, పుట్టలో ఇరవై పాములని లెక్క చెప్పిన తమ్ముడికి ఒక మాట: అది ఇరవై కాదప్పా, ఇరవు. పాములకు, ఇరవు, ఐనట్లు. ఇరవు అంటే ఉండే చోటు, కుదురుకున్న చోటు. మడకశిర, రాయదుర్గం వైపు వాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు, పక్కింట్లో కన్నడం మాట్లాడుతుంటే రోజంతా చెవిన పడే 'ఇరు'కి ఇది చుట్టమే. వ్యాకరణం ఇంతటితో చాలు.

అసలు సంగతి కింద ఎక్కడో అనంతపురం కుర్రాడు అడిగిన ప్రశ్న. ఇంట్లో బాల్ పైథాన్‌ని (విషం లేని చిన్నరకం కొండచిలువ) పెంచుతున్నాడట. "పుట్టే పాముకి ఇరవైతే, మావాడి పెట్టెలో పుట్టమన్ను పరిచేస్తే సరిపోతుంది కదన్నా" అన్నాడు. అందరూ నవ్వే బొమ్మలు పెట్టి పోయారు గానీ జవాబు ఒక్కరూ చెప్పలేదు. మంచి ప్రశ్నే అడిగాడు పిల్లోడు.

ఎందుకంటే బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము, పగలంతా ఎలుకల బొరియల్లో, చెదలు పెట్టిన పుట్టల్లో దాక్కుని రాత్రికి బయటికొస్తుంది. మన సామెత తెలుగు రాని పాముకు కూడా సరిగ్గా అతికింది. (పుట్ట పెట్టేది చీమలు కాదు, చెదలు. ఈ రెండూ దగ్గరి చుట్టాలు కూడా కావు, చెదలది బొద్దింకల వంశం. సామెతతో అంత పేచీ ఎందుకులెండి.)

అయితే పాము పుట్టలో దూరేది మన్ను బాగుందని కాదు. బయట ఎండ మండిపోతున్నా లోపల చల్లగా, కొంచెం చెమ్మగా, చీకటిగా ఉంటుంది, ఒంటికి అన్నివైపులా గోడ తగిలేంత ఇరుకు దొరుకుతుంది, పైగా ఎలుకలూ అక్కడికే వస్తాయి. ఇదంతా కలిస్తేనే ఇరవు. చెదలు మట్టిని ఉమ్మితో తడిపి కట్టుకున్న గోడల్నీ దారుల్నీ గునపంతో పగలగొట్టి సంచికి ఎత్తుకొస్తే ఇంటికొచ్చేది వట్టి మన్నే. పెళ్లిలో పాలికలకు తెచ్చిన పుట్టమన్ను చేత్తో నలిపినవాళ్లకు తెలుసు, ఎండితే గడ్డ, నలిగితే మెత్తటి పొడి, తడిస్తే వేళ్లకు పట్టుకుని వదలని బంక. ఆ పొడి పాము ముక్కుల్లోకి పోతుంది, ఆ బంక పొట్టకింద పొలుసులకు పట్టుకుంటుంది. అదీగాక నువ్వు గునపం వేసే పుట్టలో ముందే ఎవరో కాపురం ఉండొచ్చు, ఆ తర్వాత మనమంతా నీ గురించి వేరే గ్రూపులో చదవాల్సి వస్తుంది.

మరి ఏం పరవాలి అంటే, నా ఓటు కొబ్బరికి. నర్సరీల్లో కోకోపీట్ (కొబ్బరి పొట్టు) ఇటుకలు అమ్ముతారు, ఎరువు కలపనిది అడిగి తీసుకో. బకెట్ నీళ్లలో వేస్తే ఉబ్బి విడిపోతుంది, మొదటి నీళ్లు టీ రంగులో ఉంటాయి, ఉప్పు కూడా ఉండొచ్చు, కాబట్టి ఒకటి రెండుసార్లు కడిగి ఆ నీళ్లు పారబొయ్యి. తర్వాత ఒక పిడికెడు తీసుకుని గట్టిగా పిండి చూడు. ముద్ద నిలవాలి, వేళ్ల సందుల్లోంచి చుక్క కారకూడదు. కారిందంటే ఇంకాసేపు ఆరబెట్టు. ఒట్టి మెత్తటి పీటే వేస్తే ఆరిపోయాక దుమ్ము లేస్తుంది, అందుకని ఆర్కిడ్ మొక్కలకు వాడే కొబ్బరి పీచు ముక్కలు సగానికి సగం కలిపితే మేలు. నాలుగు వేళ్ల మందం పరిచి, పైన పాము ఒంటికి ఇరుగ్గా సరిపోయే గూళ్లు రెండు పెట్టు, వేడి వైపొకటి, చల్లటి వైపొకటి. సామెతలో పుట్ట చేసే పని ఆ గూళ్లూ ఈ పరుపూ కలిసి చేస్తాయి.

ఈ జాతికి గాలిలో తేమ 60 శాతం అటూ ఇటూ కావాలి. ఏప్రిల్ మధ్యాహ్నం అనంతపురంలో అందులో సగం కూడా దొరకదు, దానికి తోడు ఏసీ వేసుకుంటే ఉన్న తేమ కూడా పోతుంది. కుబుసం చూస్తే నీకే తెలిసిపోతుంది: కళ్లమీది పొరలతో సహా ఒకే తొడుగులా ఊడివస్తే తేమ సరిపోయినట్టు, ముక్కలు ముక్కలుగా రాలుతుంటే చాలట్లేదన్నట్టు. అలాగని పైనుంచి మొత్తం తడిపేయకు. పెట్టె మూలల్లో నీళ్లు పోస్తే అడుగు పొర చెమ్మగా, పైది పొడిగా ఉంటుంది. పొట్ట ఎప్పుడూ తడిలోనే ఉంటే పొలుసులు ఎర్రబడి కుళ్లుతాయి, అది మళ్లీ డాక్టర్ దగ్గరికి పరిగెత్తే టెన్షన్.

శెనక్కాయ పొట్టు మన దగ్గర ఊరికే దొరుకుతుంది కదా, అది వాడొచ్చా అని కదిరి అన్న అడిగారు. కర్నూలు వాళ్ల లెక్కలో బుడ్డల పొట్టు. వద్దన్నా. పెంకు అంచులు గరుగ్గా ఉంటాయి, కొంచెం తడి తగిలితే చాలు బూజు పట్టేస్తుంది, శెనక్కాయ బూజు ఎంత చెడ్డదో మన రైతులకు వేరే చెప్పాలా. వరి ఊక కోళ్లఫారాలకు సరిపోతుంది, పాముకు నప్పదు, మేత మింగేటప్పుడు నోటికి అంటుకుంటుంది. సా మిల్లు పొట్టు అసలే వద్దు. అందులో ఏ చెక్క కలిసిందో మిల్లు ఆయనకే తెలియదు, దేవదారు, సీడర్ లాంటి ఘాటు చెక్కల నూనెలు పాముల ఊపిరితిత్తులకు పడవు.

కడప అక్క వాళ్ల అబ్బాయి కార్న్ స్నేక్ సంగతి వేరు. అది అమెరికా ఆగ్నేయ ప్రాంతం పాము, దానికి అంత తేమ అక్కర్లేదు. ఆస్పెన్ చెక్క తురుము దానికి బాగా కుదురుతుంది, అందులో సొరంగాలు చేసుకుని తిరుగుతుంది, ఆ సొరంగం కూలకుండా నిలుస్తుంది కూడా. కాకపోతే ఆస్పెన్ తడిస్తే బూజే, నీళ్ల గిన్నె ఒలికిన చోట వెంటనే తీసేయండి అక్కా. ఇసుక గురించి అడిగినవాళ్లకు: ఇసుకలో బతికే బోవాలకు తప్ప మిగతావాటికి నేను పెట్టను.

మధ్యలో ఒకాయన "మా చేలో రెండుతలల పాము దొరికింది, పెంచుకోవచ్చా" అన్నారు. సార్, వద్దు. మన దేశపు పాముల్ని ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ఎక్కడ దొరికిందో అక్కడే వదిలేయండి. విదేశీ పాములకైనా, సైటీస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద అంతర్జాతీయ ఒప్పందం) జాబితాలో ఉంటే, ఆ చట్టానికి 2022 సవరణ వచ్చాక కేంద్ర ప్రభుత్వపు పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. బాల్ పైథాన్ ఆ జాబితాలోదే. తమ్ముడూ, నీ దగ్గర కాగితాలు ఉన్నాయా లేదా ముందు అది చూసుకో, కొబ్బరి పొట్టు తర్వాత కొనొచ్చు.

ఇక "ఇంత గోల ఎందుకు, న్యూస్‌పేపర్ చాలదా" అన్న పెద్దాయనకు. కొత్తగా తెచ్చిన పాముకైతే పేపరే మేలండీ, నేను కూడా అదే చెప్తాను. కాగితం మీద నల్లటి చుక్కలు కదులుతుంటే అవి మైట్స్ (పాము రక్తం పీల్చే సన్నటి పురుగులు) అని వెంటనే కనిపెట్టొచ్చు, మలం ఎలా ఉందో కనిపిస్తుంది, మేత తింటోందో కక్కుతోందో తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉందని నమ్మకం కుదిరే దాకా, అంటే నెలో రెండు నెలలో, పేపర్ మీదే ఉంచి తర్వాత పీచుకు మార్చుకోవచ్చు. పేపర్ తేమ పట్టదు కాబట్టి ఆ రోజుల్లో ఒక మూత డబ్బాకు కన్నం చేసి, లోపల తడి గుడ్డ పెట్టి ఇవ్వండి. కుబుసం విడిచే ముందు అదే వెతుక్కుని దూరుతుంది.