ఈ వారం సమస్య: ప్రియుని కోసము గుండాయె ప్రేయసి తల

మలక్‌పేట మాస్టారు (నిర్వహణ)
పై పాదమే చివరి పాదంగా వచ్చేలా ముందు మూడు పాదాలు మీరు రాసి పద్యం పూర్తి చేయాలి, అదే పూరణ. ఛందస్సు తేటగీతి. పాదానికి ఒక సూర్యగణం (రెండు మూడు అక్షరాల గుంపు), రెండు ఇంద్రగణాలు (మూడు నాలుగు అక్షరాలవి), మళ్ళీ రెండు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి మైత్రి కుదరాలి. ప్రాస (పాదాల రెండో అక్షరం కలవడం) బెడద లేదు కాబట్టి కొత్తవాళ్ళు కూడా ధైర్యంగా దిగవచ్చు. మా వీధి మలుపులో కొత్తగా వెలిసిన సెలూన్ అద్దం మీద ‘అతను మెచ్చే లుక్’ అని రాశారు. అతను మెచ్చేది గుండైతే ఏం చేస్తారో అనిపించింది. అంతే, సమస్య పుట్టింది.

సీతాఫల్‌మండి శిష్యుడు
గురువు గారూ, పూరణ కాదు, సందేహం. ‘గుండాయె’లో ‘యె’ తరువాత ‘ప్రే’ ఉంది కదా, ఆ జంటాక్షరం వల్ల ‘యె’ గురువు (బరువైన అక్షరం) అయిపోదా? గణం చెడుతుందేమో.

మలక్‌పేట మాస్టారు
చెడదు నాయనా. ‘ఆయె’ తెలుగు క్రియ, ‘ప్రేయసి’ వేరే పదం. రెండూ ఒకే సమాసంలో లేవు, కాబట్టి ‘యె’ మీద ఊనిక పడదు, లఘువుగానే (తేలికగానే) ఉంటుంది. పైకి చదివి చూడు, నాలుక ఎక్కడా తట్టుకోదు.

ఉప్పల్ ఉత్సాహి
బైకు జారిన చెలికాడు బతుకునట్లు
గుట్ట నరసింహు వేడెను గుండె యదర
మ్రొక్కు తీర్చిన దా పిల్ల మొన్న వెళ్ళి
ప్రియుని కోసము గుండాయె ప్రేయసి తల

మలక్‌పేట మాస్టారు
గణాలు, యతులు శుద్ధం. ‘గుండె యదర’ చెవికి ఇంపుగా ఉంది, కింద గుండు ఎలాగూ రానే వస్తోంది. అయితే గుట్టకు మొక్కు అన్నది సమస్య చూడగానే అందరికీ కనిపించే దారి. పైగా తలనీలాలు అందుకున్నది యాదగిరి నరసింహస్వామి. మెచ్చాల్సినవాడు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. వాడికి నచ్చిందో లేదో కూడా తెలియదు.

కూకట్‌పల్లి కొత్త కలం
నాది కాస్త వెటకారం. తప్పులుంటే దిద్దండి సార్.

స్ట్రెయిటు చేయించె నొకమారు చెప్ప నతడు
రంగు వేయించె మరునాడు రాణి యనగ
ఊడి చేతికి వచ్చెను ఉన్న కురులు
ప్రియుని కోసము గుండాయె ప్రేయసి తల

మలక్‌పేట మాస్టారు
భలే తల్లీ! ‘రాణి యనగ’ దగ్గర అతగాడి మాటతీరు మొత్తం వినిపించింది. మొదటి పాదంలో ‘స్ట్రె’కు ‘చె’తో యతి కూడా చెల్లింది, స, చ మిత్రులే. మూడో పాదంలో మాత్రం ‘వచ్చెను ఉన్న’ అని సంధి చేయకుండా వదిలేశావు. పద్యంలో అది విసంధి దోషం. ఇలా మార్చు:

ఊడి వచ్చెను దువ్వెన కున్న కురులు

‘దువ్వెనకు ఉన్న’ కలిసిపోయింది. సంధిలో దాగిన ‘ఉ’కు మొదటి ‘ఊ’తో మైత్రి ఉంది కాబట్టి యతి భంగం లేదు.

హిమాయత్‌నగర్ సెలూనక్క
మాస్టారూ, నాకు పద్యం రాయడం రాదు గానీ జుట్టు సంగతి తెలుసు. స్ట్రెయిటనింగ్ మందు వెంట్రుక లోపలి బంధాలను తెంచి మళ్ళీ కడుతుంది. మరునాడే దాని మీద బ్లీచ్ పెట్టి రంగేస్తే వెంట్రుక నడుమకు విరుగుతుంది, కుదురు నుంచి ఊడదు. కుదురు బాగుంటే నెలకు సుమారు ఒక సెంటీమీటరు మళ్ళీ పెరుగుతుంది. కాబట్టి ‘ఊడి’ అనకూడదు. ఆ రంగు వేసినవాళ్ళెవరో గానీ, 48 గంటల ముందు చెవి వెనక కొంచెం రాసి పరీక్ష కూడా చేసి ఉండరు.

మా కుర్చీలో కూర్చునే పిల్లల్లో కొందరు ఫోన్‌లో ఫోటో చూపించి, ‘ఇట్లనే కావాలక్కా, ఆయనకు ఇష్టం’ అంటారు. ‘మరి నీకు?’ అని అడిగితే మళ్ళీ ఫోన్ వంకే చూస్తారు. బాబ్ కట్ చేయించుకుని అద్దంలో చూసుకోకుండా ముందు సెల్ఫీ పంపి, నీలం టిక్కులు పడేదాకా కుర్చీ దిగని పిల్లను చూశాను. వెనక ఇద్దరు కస్టమర్లు వెయిటింగ్, నాకేమో టెన్షన్.

కూకట్‌పల్లి కొత్త కలం
అక్కా, ఆ నీలం టిక్కులు నేను వాడుకుంటాను, ఇంకో పద్యానికి. దీనికి మటుకు:

విరిగి దువ్వెన పాలయ్యె వేల కురులు

మిగిలిన మొదళ్ళు ఎగుడుదిగుడుగా ఉండేసరికి గీయించేసుకుంది అనుకోండి.

మలక్‌పేట మాస్టారు
నా పాదం కన్నా ఇదే మేలు. ‘వి’కి ‘వే’ యతి, సంధి పేచీ లేదు, అక్క అభ్యంతరమూ తీరింది. నాది కొట్టేయండి.

లక్డీకాపూల్ బాటసారి
కీమొ మందుకు రాలగ కేశ చయము
అద్ద మెదుటను వాడు కన్నార్ప కుండ
నిలువ, ప్రక్కకు వచ్చెను నెలత నవ్వి
ప్రియుని కోసము గుండాయె ప్రేయసి తల

ఉప్పల్ ఉత్సాహి
అన్నా, ఒక్క మాట. ఇంత ఇప్పటి కథలో అమ్మాయిని ‘నెలత’ అనడం తాతల నాటి సొమ్ములా ఉంది. ‘వచ్చెను నీడ వోలె’ అంటే యతి కూడా సరిపోతుంది కదా?

లక్డీకాపూల్ బాటసారి
సరిపోతుంది తమ్ముడూ, కానీ ‘నవ్వి’ పోతుంది. గుండుతో ఏడుస్తూ వచ్చి నిలబడితే అతనికి ఇంకో బరువు. రెండు మూడు వారాల్లో జుట్టు రాలుతుందని డాక్టర్ ముందే చెప్పి ఉంటారు, అయినా అద్దం ముందు ఆ ధైర్యం నిలవదు. అందుకే ‘నెలత’ను భరించండి.

హిమాయత్‌నగర్ సెలూనక్క
ఇందులో అతను ఏమీ అడగలేదు గమనించారా? అడిగి ఉంటే ఈమె కూడా నా కుర్చీలో ఫోన్ పట్టుకునే కూర్చునేది.

మలక్‌పేట మాస్టారు
నేను చెప్పాలనుకున్నది అక్క చెప్పేసింది. ‘కన్ను’లో కలిసిన ‘ఆర్ప’ మీద యతి పెట్టడం చేయి తిరిగిన పని. నా ఓటు దీనికే. వెటకారంలో మాత్రం కొత్త కలం పద్యానిదే పైచేయి, రెండింటినీ పోల్చమని నన్ను అడగకండి.

వచ్చే వారానికి, మళ్ళీ తేటగీతిలోనే:

గడ్డ మున్నట్టి చెలిజూచి కాంతు డలరె

గడ్డమంటే చుబుకమే కదా అని తప్పించుకునే పూరణలు చెల్లవు.