'బార్బర్ ఆఫ్ సెవిల్' మొదటి ప్రదర్శన గోల: కుట్రా, హడావిడా?

సందేహి: 1816 ఫిబ్రవరి 20న రోమ్‌లో, ఆర్జెంతీనా థియేటర్‌లో రోస్సినీ సంగీతం కట్టిన ఈ ఆపెరాకి (పాటలతో నడిచే నాటకానికి) ఈలలు, వెక్కిరింతలు. మర్నాటికే జేజేలు. పెద్దతరం సంగీతకర్త పైసియెల్లో అభిమానుల పనేనా?

నాదబ్రహ్మం: ఇంకా సందేహమా? ఈ కథకి మూలమైన బొమార్షే నాటకాన్ని పైసియెల్లో 1782లోనే ఆపెరాగా కట్టాడు. ఆ భయంతోనే కదా రోస్సినీ మొదట 'అల్మావీవా' అని పేరు పెట్టుకుంది! పాటల పుస్తకంలో పెద్దాయన మీద గౌరవం ఉందంటూ ముందుమాట కూడా వేయించాడు.

డోలు_దరువు: ముందుమాట ఉంటే కుట్ర జరిగినట్టా? ఒప్పందం డిసెంబర్‌లో, ప్రదర్శన ఫిబ్రవరిలో. థియేటర్ నడిపే డ్యూక్ నాలుగు రోజుల ముందే పోయాడు. అంత టెన్షన్‌లో ఎవరు వేసినా తడబడతారు.

నాదబ్రహ్మం: హడావిడి కాబట్టే పాత సరుకు. ఓవర్చర్, అంటే తెర లేవకముందు వాయించే సంగీతం, 1813లో తన ఇంకో ఆపెరా 'ఆరెలియానో'కి కట్టినదే.

డోలు_దరువు: తన ట్యూన్ తను వాడుకున్నాడండీ, ఎవరి జేబూ కొట్టలేదు. పైగా పాడిన టెనర్ (హెచ్చు స్థాయి మగ గొంతు) గార్సియాకి 1,200 స్కూదీలు (అప్పటి రోమ్ నాణేలు), సంగీతం కట్టినవాడికి 400.

పల్లవి: ఓవర్చర్ గొడవ ఆపండి బాబూ, ప్రశ్న అది కాదు.

నాదబ్రహ్మం: డబ్బు లెక్కలు నాకెందుకు? మా ఊరి నాటకానికి నేను వరసలు కట్టిన పద్యాలకి మరుసటి ఏడు ఒక కుర్రాడు కొత్త వరసలు కట్టి స్టేజీ ఎక్కించాడు. నాకొక్క మాట చెప్పలేదు. జనం చప్పట్లు కొడుతుంటే వెనక బెంచీలో కూర్చున్నాను.

డోలు_దరువు: అదీ సంగతి! రోమ్‌లో ఈల ఎవరు వేశారన్నది కాదు, వేయడం న్యాయమే అంటున్నారు మీరు.

నాదబ్రహ్మం: అవును, న్యాయమే. ఏం?

డోలు_దరువు: మరి పెర్గొలేజి 1733లో చేసిన 'లా సెర్వా పద్రోనా' ఆపెరా పాఠాన్నే 1781లో పైసియెల్లో మళ్లీ కట్టాడే! అప్పుడు ఎవరు ఈల వేయాలి?

నాదబ్రహ్మం: పెర్గొలేజి అప్పటికి పోయి 45 ఏళ్లు. రోస్సినీ ఆపెరా వేసినప్పుడు పైసియెల్లో మాత్రం నేపుల్స్‌లో బతికే ఉన్నాడు, 1816 జూన్‌లో గానీ పోలేదు. మనిషి ఉండగా చేయడం వేరు.

డోలు_దరువు: ఉన్నంతకాలం కథ ఆయనకే రాసిచ్చేస్తామా? బొమార్షేది కదా కథ!

పల్లవి: ఆ ఏడాది ఆగస్టులో బొలోన్యాలో వేసినప్పుడు 'బార్బర్' అన్న పేరే పెట్టారు. అక్కడెవరూ గోల చేయలేదా?

నాదబ్రహ్మం: అప్పటికి అడిగేవాడు లేడుగా.