జర్మన్ గెస్ట్ ఫ్యాకల్టీ, ఒక్క సెమిస్టర్‌కే. చేరమంటారా?

ప్రశ్న (తార్నాక అమ్మాయి):

అందరికీ నమస్కారం. నేను ఇఫ్లూలో (హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) జర్మన్ ఎంఏ చేసి రెండేళ్లయింది. నెట్ (యూనివర్సిటీల్లో పాఠం చెప్పడానికి అర్హత పరీక్ష) రాశాను, అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి క్వాలిఫై అయ్యాను, అదే పరీక్షలో పరిశోధనకిచ్చే ఫెలోషిప్, జేఆర్‌ఎఫ్ మాత్రం రాలేదు. ఇప్పుడు ఒక ప్రైవేటు ఇన్‌స్టిట్యూట్‌లో జర్మనీ వెళ్లబోయే నర్సింగ్ అమ్మాయిలకు ఏ1 నుంచి బీ1 దాకా (ఏ1 మొదటి మెట్టు, బీ1 మధ్య మెట్టు, దాని పైది బీ2) చెప్తున్నాను. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు వరకూ, నెలకు 38,000, ఒకటో తారీఖుకి పడిపోతుంది.

పోయిన వారం ఒక యూనివర్సిటీలో వాక్-ఇన్ ఇంటర్వ్యూ ఉంటే వెళ్లాను. "జర్మన్ భాష, సంస్కృతి బోధనకు, తాత్కాలిక ప్రాతిపదికన" అని వేశారు. వచ్చింది ముగ్గురమే. పదిహేను నిమిషాల డెమో అడిగారు. నేను బోర్డు మీద "ఆయన రేపు వస్తాడని నాకు తెలుసు" అని తెలుగులో రాసి, పక్కన అందులో "ఆయన రేపు వస్తాడని" అనే ముక్క ఒక్కటే జర్మన్‌లో రాశాను: "దస్ ఏర్ మోర్గెన్ కోమ్ట్". ఏర్ అంటే ఆయన, మోర్గెన్ అంటే రేపు, కోమ్ట్ అంటే వస్తాడు. మన వరసే! ఇంగ్లీషు మీదుగా నేర్చుకుంటే క్రియ చివరికెందుకు పోయిందా అని నెల రోజులు తికమక పడతారు, తెలుగు మీదుగా చెప్తే అరగంటలో తేలిపోతుంది, మనం చివర తగిలించే "అని" వాళ్లు "దస్" అని ముందు పెడతారు, అంతే తేడా. ప్యానెల్‌లో ఒక పెద్దాయన కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకుని రెండు వాక్యాలూ చదివారు. ఆ రోజే ఖాయమని చెప్పేశారు.

తర్వాత ఆఫీసు నుంచి ఫోన్ చేసి వివరాలు చెప్పారు. గెస్ట్ ఫ్యాకల్టీ. గంటకు 1,500, వారానికి 8 గంటలు, నవంబరు ఆఖరు దాకా. ఆ తర్వాత "అవసరాన్ని బట్టి" అన్నారు. క్లాసులు రోజూ మధ్యాహ్నం పూట కాబట్టి రెండు ఉద్యోగాలూ కుదరవు. నాన్న యూనివర్సిటీ అనగానే "వెంటనే చేరిపో" అంటున్నారు. నాకూ మనసు అటే లాగుతోంది, అక్కడైతే వ్యాకరణం ఒక్కటే కాదు, సాహిత్యం, చరిత్ర కూడా చెప్పొచ్చు. కానీ టెన్షన్‌గా ఉంది. ఈ అనుభవం తర్వాత లెక్కలోకి వస్తుందా? రేపు రెగ్యులర్ పోస్టు పడితే మనల్ని చూస్తారా?

జవాబు (నాలుగేళ్లు గెస్ట్‌గా చేశాను):

చెల్లీ, నేను ఇదే పని, ఇదే భాష, నాలుగేళ్లు చేశాను. యూనివర్సిటీ పేరు వద్దు. నీ లెక్క నాకు కంఠస్థం కాబట్టి చెప్తున్నా విను.

వారానికి 8 గంటలంటే నెలకు 48,000 అనుకుంటున్నావు కదా, నేనూ అలాగే అనుకున్నా. చెప్పిన గంటకే డబ్బు. దసరా వచ్చిన నెలలో నాకు సరిగ్గా 19 గంటలు పడ్డాయి, అంటే 28,500. ఇంటర్నల్ పరీక్షల వారం క్లాసులుండవు, ఆ వారం సున్నా. ఇన్విజిలేషన్ చేయమంటారు, పేపర్లు దిద్దమంటారు, దానికి నాకైతే విడిగా ఏమీ రాలేదు. పదిహేను వారాలు గట్టిగా జరిగినా 120 గంటలు, 1,80,000. అది ఆరు నెలలకు పంచి చూడు, నెలకు 30,000 కూడా కష్టమే. మే, జూన్ నెలల్లో ఏమీ రాదు.

ఇంకొకటి, నెలాఖరున బిల్లు మనమే రాసుకోవాలి. తేదీ, పీరియడ్, చెప్పిన పాఠం, సీఆర్ (క్లాసు లీడర్) సంతకం, హెచ్‌ఓడీ (డిపార్ట్‌మెంట్ హెడ్) సంతకం. హెచ్‌ఓడీ సెలవులో ఉంటే బిల్లు ఆగిపోతుంది. ఒకసారి ఆగస్టు డబ్బులు నాకు డిసెంబరులో వచ్చాయి. ఇంటి అద్దె కట్టడానికి తమ్ముడి దగ్గర తీసుకున్నాను, ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

రెగ్యులర్ పోస్టు సంగతి. నాలుగేళ్లూ "నోటిఫికేషన్ రానీ, నువ్వు ఉన్నావు కదా" అన్నారు. వాళ్లు అబద్ధమాడారని నేననను, నిజంగానే అనుకుని ఉంటారు. తీరా వచ్చాక జర్మన్‌కి ఉన్నది ఒకే ఒక్క పోస్టు, రోస్టర్‌లో (రిజర్వేషన్ల వరస పట్టికలో) అది నా కేటగిరీకి పడలేదు. అప్లై చేయడానికే వీల్లేకపోయింది. జర్మన్ లాంటి సబ్జెక్టులో ఇది చాలామందికి తట్టదు. తెలుగుకో, ఎకనామిక్స్‌కో నాలుగైదు పోస్టులు పడతాయి, మనకు పడేది ఒకటి.

అయినా ఆ క్లాసులు నా జీవితంలో మంచి రోజులు. జర్మనీ నుంచి తెచ్చుకున్న ఖాళీ ప్లాస్టిక్ సీసా ఒకటి క్లాసుకి తీసుకెళ్లి, దాని మీద డిపాజిట్ గుర్తు చూపించి, ఇది తిరిగిస్తే 25 సెంట్లు వెనక్కొస్తాయని చెప్తే పిల్లలు గంటసేపు వదల్లేదు. ఎవరు ఇస్తారు, మెషీన్ ఎలా ఉంటుంది, రోడ్డు మీద సీసాలు ఏరుకునే ముసలివాళ్లు అక్కడా ఉంటారా, అన్నీ అడిగారు. ఉంటారనే చెప్పాను. ఇన్‌స్టిట్యూట్‌లో పరీక్ష తేదీ నెత్తిన ఉంటుంది కాబట్టి ఇంత తీరిక దొరకదు. ఒక్క సెమిస్టర్ చేయాలనుంటే చెయ్. ఐదో సెమిస్టర్ దాకా మాత్రం ఉండకు.

జవాబు (రూల్స్ చూసేవాడిని):

పైన మేడమ్ చెప్పినదానికి కాస్త కలుపుతాను. గెస్ట్, కాంట్రాక్ట్, పార్ట్‌టైమ్, అన్నిటినీ కలిపి "టెంపరరీ" అనేస్తాం, కాగితం మీద మాత్రం వేటికవే వేరు.

గంటకు 1,500, నెలకు 50,000 మించకుండా అనేది గెస్ట్ ఫ్యాకల్టీకి యూజీసీ (యూనివర్సిటీలకు రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ) 2019 జనవరిలో పెట్టిన రేటు. దీనికి అలవెన్సులు, పెన్షన్, సెలవులు ఏవీ ఉండవు. కాంట్రాక్ట్ వేరు. యూజీసీ 2018 రెగ్యులేషన్స్ ప్రకారం కాంట్రాక్ట్ మీద తీసుకుంటే రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ గ్రాస్ జీతానికి తక్కువ కాకుండా ఇవ్వాలి. మొదటి బేసిక్ 57,700, దాని మీద డీఏ, ఇంటద్దె, లెక్క వేసుకోండి.

ఇప్పుడు మీరు అడిగిన అనుభవం సంగతి. అవే రెగ్యులేషన్స్‌లో పాత తాత్కాలిక సర్వీసు ఎప్పుడు లెక్కలోకి వస్తుందో రాశారు. పోస్టుకి కావాల్సిన అర్హతలు మీకు అప్పటికే ఉండాలి, సరైన సెలక్షన్ కమిటీ తీసుకుని ఉండాలి, రెగ్యులర్ వాళ్ల నెల జీతానికి తగ్గకుండా మీకు జీతం వచ్చి ఉండాలి. మూడోది దగ్గరే గెస్టులు ఆగిపోతారు. నెలకు 28,500 తీసుకున్న సర్టిఫికెట్ పట్టుకెళ్తే స్క్రూటినీలో పక్కన పెట్టేస్తారు, నా ఎదురుగానే జరిగింది.

ఒకవేళ లెక్కేశారే అనుకుందాం. ఇంటర్వ్యూకి పిలిచే ముందు యూనివర్సిటీలు వేసే మార్కుల పట్టికలో బోధనానుభవానికి ఏడాదికి 2 మార్కులు, ఎన్నేళ్లు చేసినా 10 దాటవు. నెట్‌కి 5, జేఆర్‌ఎఫ్ ఉంటే 7. పీహెచ్‌డీకి 30. 2023 జులై నుంచి అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి పీహెచ్‌డీ తప్పనిసరి కాదన్నారు, నెట్ చాలు అన్నారు, నిజమే. కానీ పట్టికలో ఆ 30 అలాగే ఉంది. ఐదేళ్లు గెస్ట్‌గా నలిగితే 10, ఆ ఐదేళ్లలో పీహెచ్‌డీ పూర్తి చేస్తే 30. అందుకే నన్నడిగితే మీరు తేల్చుకోవాల్సింది ఇన్‌స్టిట్యూటా, యూనివర్సిటీయా అని కాదు, రెండిట్లో ఏది చేస్తే మీ పీహెచ్‌డీ ముందుకు కదులుతుందనేది. నెట్ మళ్లీ రాయండి, జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000, ఇప్పటి మీ జీతానికి ఒక్క వెయ్యి తక్కువ, చదువుకోవడానికి ఇచ్చే డబ్బు.

ఆఫీసు వాళ్లని రాతపూర్వకంగా అడగండి, గెస్టా కాంట్రాక్టా అని. ఆర్డర్ కాగితం చేతికి రాకుండా ఇన్‌స్టిట్యూట్‌లో రాజీనామా ఇవ్వకండి.

జవాబు (జర్మనీ నుంచి):

ఇక్కడ ఒక యూనివర్సిటీ లాంగ్వేజ్ సెంటర్‌లో విదేశీ విద్యార్థులకు జర్మన్ చెప్తున్నాను, మాది విజయనగరం. మీరెవరైనా "జర్మనీలో అయితే ఇలా ఉండదు" అనుకుంటున్నారేమోనని రాస్తున్నా. ఇక్కడా ఉంది. లేర్‌ఔఫ్‌ట్రాగ్ అంటారు, ఒక్కో సెమిస్టర్‌కి ఇస్తారు, 45 నిమిషాల పీరియడ్‌కి ఇంత అని. ప్రిపరేషన్‌కీ, దిద్దడానికీ డబ్బులుండవు, హెల్త్ ఇన్సూరెన్స్ మనమే చూసుకోవాలి. జర్మన్ భాష చెప్పేవాళ్లలో ఎంతోమంది ఇలాగే బతుకుతున్నారు.

దీనికి పైమెట్టు, జీతం మీద పెట్టుకునే ఉద్యోగం. అదీ ఎక్కువగా గడువు పెట్టే ఇస్తారు. 2007లో వచ్చిన చట్టం ప్రకారం పీహెచ్‌డీకి ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు ఇలా గడువు ఒప్పందాల మీద ఉంచొచ్చు. ఇక్కడి ప్రభుత్వం వాళ్లు ఈ పద్ధతిని సమర్థిస్తూ హన్నా అనే కార్టూన్ పాత్రతో అంతకుముందు చేసిన వీడియో 2021లో అందరి కంటా పడితే, వేలమంది "నేనే హన్నా" అని తమ కథలు రాశారు. నేనూ రాశాను.

ఒక మంచి మాట కూడా ఉంది. 2011లో ఇక్కడి ఫెడరల్ లేబర్ కోర్టు, కేవలం భాష నేర్పే లెక్టర్లను (యూనివర్సిటీ భాషా టీచర్లను) పరిశోధకుల కింద లెక్కగట్టి ఆ గడువు చట్టం పెట్టడం కుదరదని చెప్పింది. భాష నేర్పడం నిత్యం ఉండే పని, గడువు పెట్టాలంటే వేరే కారణం చూపించాలి. దాని వల్ల కొందరికి పర్మనెంట్ అయింది. మన దగ్గరా ఎవరైనా ఇంత స్పష్టంగా చెబితే బాగుండు. ఏటా ఆగస్టులో అవే క్లాసులు, అదే సిలబస్, మరి అది తాత్కాలికం ఎలా అవుతుంది?

జవాబు (నర్సింగ్ బ్యాచ్ టీచర్):

యూనివర్సిటీ ఎక్కువ, ఇన్‌స్టిట్యూట్ తక్కువ అని మీ ఇంట్లో అనుకుంటే అనుకోనివ్వండి, మీరు మాత్రం అనుకోకండి. బీ2 పాసైతే జర్మనీలో పూర్తిస్థాయి నర్సుగా గుర్తింపు దారి తెరుచుకుంటుంది, ఒక ఇల్లు నిలబడుతుంది. నా బ్యాచ్‌లో మహబూబ్‌నగర్ అమ్మాయి ఒకరు ఫోన్ చేసి, వార్డులో పేషెంట్ చెప్పిన మాట మొదటిసారి పూర్తిగా అర్థమైందని చెప్తూ ఏడ్చింది. ఇంకో మాట, భాష ఉద్యోగాల్లో ఏదీ పక్కా కాదు. 2014 నవంబరులో కేంద్రీయ విద్యాలయాల్లో మూడో భాషగా జర్మన్ తీసేశారు, డెబ్భై వేలమందికి పైగా పిల్లలు చదువుతున్న సబ్జెక్టు సంవత్సరం మధ్యలో మారిపోయింది. ఎక్కడున్నా గోథే ఇన్‌స్టిట్యూట్ (జర్మన్ భాష, సంస్కృతి నేర్పే జర్మనీ సంస్థ) వాళ్ల టీచర్ ట్రైనింగ్ యూనిట్లు పూర్తి చేసి పెట్టుకోండి, అవి పనికొస్తాయి.

తార్నాక అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. నిన్న ఆఫీసుకి మెయిల్ పెట్టాను, మూడు అడిగాను: గెస్టా కాంట్రాక్టా, పరీక్షల వారాలకు డబ్బు ఇస్తారా, క్లాసులు వారానికి మూడు రోజుల్లో సర్దగలరా అని. ఈ పొద్దున ఫోన్ వచ్చింది. గెస్టే. పరీక్షల వారాలకు ఇవ్వరు. మూడు రోజులు మాత్రం కుదురుతుందన్నారు, సోమ, బుధ, శుక్రవారాలు, రెండు తర్వాత.

ఇన్‌స్టిట్యూట్ మేడమ్‌తో మాట్లాడాను. ఆ మూడు రోజులూ ఒంటిగంటకే వెళ్లిపోవచ్చు, జీతం 26,000 చేస్తామన్నారు. మంగళ, గురువారాల సాయంత్రాలు నెట్‌కి పెట్టుకుంటున్నా. నాన్నకి 30 మార్కులు, 2 మార్కుల సంగతి కాగితం మీద రాసి చూపించాను. చాలాసేపు చూసి, "అయితే పీహెచ్‌డీ అప్లికేషన్ ఎప్పుడు?" అన్నారు.

ఆర్డర్ కాగితం ఇంకా రాలేదు. వచ్చేదాకా పూర్తి రోజులే వెళ్తున్నాను.