ఎన్‌జీఈఎఫ్‌లో పాత షెడ్లు ఉంచుతారా?

బెంగళూరు బైయప్పనహళ్లి మెట్రో దగ్గర ఎన్‌జీఈఎఫ్ (ట్రాన్స్‌ఫార్మర్ల లాంటి కరెంటు సామాన్లు చేసిన ప్రభుత్వ ఫ్యాక్టరీ) స్థలం చూసే ఉంటారు, 105 ఎకరాలు, 2002లో ఫ్యాక్టరీ మూతపడ్డాక గోడ వెనకాల షెడ్లూ చెట్లూ కలిసిపోయి ఉన్నాయి, ఇప్పుడందులో 65 ఎకరాలు ట్రీ పార్క్ చేస్తామంటున్నారు. మా ఇంటి ఓనర్ తాతగారు కుప్పం నుంచి వచ్చి అక్కడే ట్రాన్స్‌ఫార్మర్ వైండింగ్ చేసి రిటైరయ్యారు. పార్క్ సరే బాబూ, మా షెడ్డు ఉంచుతారా అని అడుగుతుంటే ఏం చెప్పాలో తోచట్లేదండి. ఫ్యాక్టరీ పడగొట్టకుండా పార్క్ చేసిన ఊళ్లున్నాయా?

మెకానికల్ అన్న: ఉన్నాయి తమ్ముడూ. జర్మనీలో డ్యూయిస్‌బర్గ్ అని, అక్కడి ఇనుము ఫ్యాక్టరీ 1985లో మూసేస్తే పీటర్ లాట్జ్ అనే డిజైనర్ కొలుముల్ని కదపకుండా వాటి చుట్టూనే పార్క్ గీశాడు. పెద్ద గ్యాస్ ట్యాంకులో నీళ్లు నింపి డైవింగ్ నేర్పిస్తారు, ఖనిజం పోసే బంకర్ల గోడలెక్కి క్లైంబింగ్ చేస్తారు. మన ఎన్‌జీఈఎఫ్‌కీ జర్మన్ ఏఈజీ కంపెనీతో సంబంధం ఉండేది. ఒక్కటి మాత్రం గట్టిగా అడగండి, మట్టి టెస్ట్. పాతకాలం ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్స్‌లో కొన్నిట్లో పీసీబీలనే విషాలుండేవి, అవి మట్టిలో ఏళ్ల తరబడి పోవు. అక్కడ ఉన్నాయని అనట్లేదు, పిల్లలు ఆడేచోటు కాబట్టి ముందే చూడాలంటున్నా.

మల్లేశ్వరం అక్క: షెడ్ల కంటే ముందు మిగతా 40 ఎకరాల సంగతి అడగండి. మా దగ్గర రాజా మిల్స్ పోయి మంత్రి మాల్ వచ్చింది, కిర్లోస్కర్ ఫ్యాక్టరీ జాగాలో ఒరాయన్ మాల్ వచ్చింది. ముంబైలో 1991 రూల్ ప్రకారం పాత బట్టల మిల్లు స్థలంలో మూడో వంతు పార్కులకి, మూడో వంతు పేదల ఇళ్లకి, మిగతాది ఓనర్‌కి. 2001లో దాన్ని మార్చి, పంపకం మిల్లులో అప్పటికే ఖాళీగా ఉన్న జాగాకే అన్నారు, షెడ్లు కూలిస్తే వచ్చే భూమి లెక్కలోకి రాలేదు, 2006లో సుప్రీంకోర్టూ సరే అంది. ఊరికి రావాల్సిన భూమి చాలా తగ్గిపోయింది. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

జాలహళ్లి: ఫ్రీడమ్ పార్క్‌లో పాత జైలు కాపలా టవర్ ఉంచారుగా, ఇక్కడ హెచ్‌ఎంటీ మ్యూజియంలో వాచీల మెషీన్లూ ఉన్నాయి. తాతగారి చేత ఏ షెడ్డులో ఏం చేసేవాళ్లో చెప్పించి రికార్డ్ చెయ్యండి, పార్క్ ప్లాన్ మీద అభిప్రాయాలడిగితే అది పంపించొచ్చు.

అడిగినవాణ్ణి: రాత్రి ఆయనకి డ్యూయిస్‌బర్గ్ ఫొటోలు చూపించానండి. చాలాసేపు చూసి, షెడ్డంతా వద్దులే, పైన తిరిగే క్రేన్ ఒక్కటి ఉంచమని రాయి అన్నారు. ఆదివారం కూర్చుని రికార్డ్ చేస్తున్నాం.