15 అడుగుల ప్లైవుడ్ కెనూకి ఏ ఫైబర్ గుడ్డ వేయాలి? (చెన్నై)

ముట్టుకాడు_తెడ్డు:
నమస్కారం అండి. ఐఎస్ 710 (మెరైన్ ప్లైవుడ్) ముద్ర ఉన్న 4 ఎంఎం పలకలు తీగతో కుట్టి, జాయింట్లు ఎపాక్సీతో (హార్డనర్ కలిపి వాడే రెసిన్) నింపేశాను. నడుమ దగ్గర అడుగు వెడల్పు 60 సెం.మీ., బయటి చుట్టుకొలత ఈ అంచు నుంచి ఆ అంచుకి 130. ప్యారిస్ కార్నర్ బజార్లో 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాములు) మ్యాట్, అంటే నేయకుండా పోగులు అతికించింది, 360 రోవింగ్, 200 నేత గుడ్డ చూపించారు. గుడ్డ మీటరు పన్నా. కాసిమేడు చేపల రేవులో ఫైబర్ పడవలకి మ్యాటే వాడతారు కదా, దీనికి పనికిరాదా? గుడ్డ, రెసిన్ ఎంతెంత కొనాలి?

పడుగుపేక:
మ్యాట్ వద్దండి. కాసిమేడు పడవల్లో పోసేది పాలిస్టర్ రెసిన్. మ్యాట్ పోగుల్ని పట్టి ఉంచే జిగురు అందులోని స్టైరీన్ అనే ద్రావకానికి కరుగుతుంది. ఎపాక్సీలో స్టైరీన్ ఉండదు కాబట్టి మ్యాట్ నానని అప్పడంలా బిగుసుకునే ఉంటుంది, మూల దగ్గర ఒంగదు. పైగా తన బరువుకి రెండింతల పైనే రెసిన్ తాగుతుంది. అలాగని పాలిస్టర్‌కి మారొద్దు. అది చెక్కని గట్టిగా పట్టదు, తడిసి ఆరే కొద్దీ పొరగా లేచి వస్తుంది.

రోవింగ్ నేత మరీ ముతక. ఆ గుంటలు పూడ్చడానికి పోసే రెసిన్ అంతా బరువే, బలం కాదు. 200 నేత గుడ్డే తీసుకోండి.

కొనేముందు ఒక్కటి చూడండి. పైపులకి చుట్టే గుడ్డ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, దాని పోగుల మీద గంజి, నూనె పూత ఉంటుంది. అరచేతంత ముక్క తెచ్చి ఎపాక్సీ రాయండి. పది నిమిషాల్లో నేత తెల్లదనం మాయమై కింద చెక్క గీతలు కనబడాలి. తెల్లగానే ఉంటే ఆ గుడ్డ వద్దు.

కీల్‌లైన్:
లెక్క ఇదండి. 4.8 మీటర్ల ముక్కలు రెండు, అంటే 9.6, 10 మీటర్లు కొనండి. అడుగున రెండూ పూర్తిగా ఒకదానిమీదొకటి వచ్చేలా వేస్తారు చాలామంది. నేనైతే ఒప్పుకోను. బయటి గుడ్డ రాపిడికి కాస్తుంది. రాయి తగిలినప్పుడు ప్లైవుడ్ లోపలికి ఒంగుతుంది, అప్పుడు సాగేది లోపలి ముఖం, చిట్లేదీ అక్కడే. అందుకని ఒక్కో ముక్కనీ 70 సెం.మీ.కి కత్తిరించి, నడి గీత మీద 10 సెం.మీ. మాత్రం ఎక్కించండి. మిగిలే 30 సెం.మీ. పట్టీలు రెండూ పక్కపక్కన లోపలి అడుగుకి సరిపోతాయి. అదనంగా కొనేదేం లేదు.

కత్తిరించే గీత మీద మాస్కింగ్ టేపు వేసి టేపు మధ్యన కోయండి, పోగులు ఊడవు. పలకల బయటి మూలలు 5 ఎంఎం అయినా గుండ్రంగా రుద్దండి. పదునుగా ఉంటే గుడ్డ లేచి కింద గాలి చేరుతుంది. ముట్టుకాడు నీళ్లలోని ఆల్చిప్పలు కోసేస్తాయి కాబట్టి రెండు కొసల నుంచి 60 సెం.మీ. మేర నడి గీత మీద ఇంకో పట్టీ వేయండి. దాన్ని గుడ్డ పోగులకి 45 డిగ్రీల ఏటవాలుగా కోస్తేనే ఒంపుకి అతుకుతుంది.

రెసిన్ గుడ్డ బరువంత, అంటే సుమారు 2 కేజీలు. చెక్క మీద తొలి పూతకి, నేత పూడ్చే రెండు పూతలకి కలిపి మరో 3. మొత్తం 5 కేజీలు.

ముట్టుకాడు_తెడ్డు:
అడుగున కెవ్లార్ గుడ్డ వేస్తే ఆల్చిప్పలకి ఇంకా ఆగుతుందా?

కీల్‌లైన్:
రుద్దితే నున్నగా రాదండి, నూగులా లేస్తుంది. పై పొరగా వద్దు.

పడుగుపేక:
ఇక మన ఊరి ఎండ సంగతి. పొద్దున రాస్తే చెక్క వేడెక్కే కొద్దీ లోపలి గాలి ఉబ్బి గుడ్డ కింద బుడగలు లేస్తాయి. నీడలో, సాయంత్రం నాలుగు దాటాక, వేడి దిగుతున్నప్పుడు మొదలుపెట్టండి. స్లో హార్డనర్ (నెమ్మదిగా గట్టిపడేది) తీసుకోండి. ఒక్కసారికి 200 గ్రాములే, తూకం వేసి కలిపి వెంటనే వెడల్పు ట్రేలో పోయండి. కప్పులోనే ఉంచితే పొగలు కక్కుతుంది.

స్క్వీజీతో (రెసిన్ లాగే రబ్బరు పలక) నడుమ నుంచి అంచులకి లాగండి. మెరుస్తూ మడుగు కట్టిందంటే గుడ్డ తేలుతోంది, తీసేయండి. తెల్ల మచ్చలుంటే అక్కడ చాలలేదు. నేత అల్లిక పైకి తెలుస్తూ, మెరుపు లేకుండా ఉండాలి. పూడ్చే పూతలు చేతికి జిగురు తగులుతుండగానే వేస్తే రుద్దే పని తప్పుతుంది. తెల్లారేసరికి పైన మైనంలాంటి పొర కనబడితే ముందు నీళ్లతో, స్కాచ్‌బ్రైట్‌తో కడగండి. కడగకుండా శాండ్‌పేపర్ పెడితే అది లోపలికి దిగి పెయింటు పట్టదు. పెయింటు మాత్రం తప్పనిసరి, ఎండకి ఎపాక్సీ పాడవుతుంది. లేత రంగే వేయండి.